చదవకుండా చెరిపిన జవాబు

ఆ జవాబు వచ్చింది. మేము అడిగిన ఆరో రోజుకే మలేషియా నుంచి వచ్చింది. తెరిచి చూడకుండా దాన్ని చెరిపేసింది నేను.

ఈ మూడు ముక్కలు బయటికి చెప్పడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ ఆళ్లగడ్డలో ఒక శిల్పి, చేతికొచ్చిన కాగితం చూసుకోని మనిషిగా, రాముడి ఎదుట ఆంజనేయుడు ఎట్లా నిలబడతాడో కూడా తెలియని పనివాడిగా మాట పడ్డాడు. ఆ మాటలన్నీ నాకు రావలసినవి.

నేనిది రాస్తున్నానని తెలిసి మా బావమరిది నవ్వాడు.

"జనాలు ఎప్పుడో మర్సిపోయినారు బావా. మళ్లా నువ్వే గుర్తు చేస్తాండావు. యాపారం చేసుకునేవోనికి ఇదంతా ఏంటికి?"

జనం మర్చిపోలేదు. శిల్పి తప్పు చేశాడన్న సంగతి అందరికీ గుర్తుంది. వాళ్లకు తెలియనిది నా పేరొక్కటే. అది తెలిసిన కొద్దిమంది మంచివాళ్లు ఇంకో దారి చూపిస్తారు. "అప్పట్లో మెయిలు డబ్బాలు చిన్నవి కదప్పా, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంటారు. ఆ జాలి కూడా నాకు వద్దు. డబ్బా చిన్నదే. కానీ ఆ రోజు నోరు మూసుకుని నిలబడింది నేను.

తొంభైల్లో నంద్యాల బస్టాండు దగ్గర నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాలుగు మిషన్లు, పక్కనే ఎస్టీడీ బూతు. కోర్టు అర్జీలు, ఉద్యోగాల దరఖాస్తులు కొట్టి ఇచ్చేవాణ్ని. ఒక్క అక్షరం తప్పు పడినా కాగితం చించి మొదటి నుంచి కొట్టిస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. 2000లో మిషన్లు అమ్మేసి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు కొని, బోర్డు మీద ఇంటర్నెట్ అని రాయించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆళ్లగడ్డ శిల్పులకు బయటి దేశాల గుళ్ల నుంచి పనులు రావడం మొదలైంది. ఫోనులో ఎంత మాట్లాడుకున్నా, కొలతలూ బొమ్మలూ మెయిల్లో పంపుతామనేవాళ్లు. ఆరుగురు శిల్పులు తమ చిరునామాగా నా సెంటరు మెయిలు ఇచ్చుకున్నారు. వాళ్లతో పాటు ఇద్దరు విత్తనాల వ్యాపారులు, ఒక బియ్యం మిల్లు, పరీక్షా ఫలితాల కోసం కాచుకున్న విద్యార్థులు, అందరిదీ అదే చిరునామా.

ఆ డబ్బాలో రెండు మూడు ఫొటోలు పడితే చాలు, గొంతు దాకా నిండిపోయేది. నిండితే కొత్త ఉత్తరం లోపలికి రాదు, పంపినవాడి దగ్గరికే వెనక్కి పోతుంది. వాడు మళ్లీ పంపుతాడు. అదీ వెనక్కి పోతే మూడోసారి పంపుతాడు. ఈలోగా నేను పాతవి నాలుగు తీసి చోటు చేస్తే, ఆ చోట్లోకి ఒకే ఉత్తరం మూడు సార్లు వచ్చి కూర్చునేది. డబ్బా మళ్లీ నిండేది.

"ఏందప్పా ఇది, ఎప్పుడు జూసినా నిండే ఉంటాది!" అని ఒక విత్తనాల వ్యాపారి రోజూ వచ్చి దెప్పేవాడు. "హైదరాబాదోళ్లు నిన్నట్నించి పంపిస్తాండారంట. పెండ్లి బస్సు మాదిరి ఎవర్నీ ఎక్కించుకోవడం ల్యా అంటాండారు."

"దిగేవాళ్లు దిగితే ఎక్కుతారన్నా. కూర్చో."

"కూసుంటే కాలమైపోతాది. బేగా దింపు!"

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చిన ఉత్తరాన్ని ఒక్కసారే తెరవాలి. తెరిచినప్పుడే ప్రింటు తీయాలి. ఆ కాగితం మీద ఎవరికి చేరాలో రాసి, పొడుగాటి నోటుబుక్కులో వరుస నంబరు వేసి, డబ్బాలోంచి చెరిపేయాలి. తర్వాత చూద్దాం అనే మాట మా సెంటర్లో ఎవరూ అనకూడదు. ఆళ్లగడ్డ కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి మధ్యాహ్నం కడప బస్సు డ్రైవరు చేతికిస్తే, ఆళ్లగడ్డ బస్టాండులో టీకొట్టాయన దించుకుని శిల్పుల వీధికి పంపేవాడు. సాయంత్రం షట్టరు దించేసరికి నా డబ్బాలో ఒక్క ఉత్తరం మిగలకూడదు. ఆ ఖాళీ తెర చూశాకే ఫ్యాను ఆపేవాణ్ని.

మళ్లీ మళ్లీ వచ్చే ఉత్తరాలకు వేరే నియమం. ఒకే మనిషి నుంచి ఒకే శీర్షికతో నాలుగు వస్తే, ఒకటి ప్రింటు తీసి మిగతావి తెరవకుండానే తీసేయాలి. ఫోను లైను మీద నడిచే ఆ నెట్టులో ఒక్క ఉత్తరం తెరుచుకునేలోపు ఎదురుగా పోయి టీ తాగి రావచ్చు. వచ్చినదే మళ్లీ తెరుస్తూ కూర్చుంటే పొద్దు అక్కడే గూకుతుంది. ఈ నియమం నేను సొంతంగా కనిపెట్టుకున్నది. నాకు అన్నిటికంటే గర్వం దీని మీదే.

ఇప్పుడు కూడా అడగండి, డబ్బా ఖాళీ చేయడం తప్పని నేను ఒప్పుకోను. ఈ రోజు చదువుకున్నవాళ్లు ఫోను నా ముందు పెట్టి, చదవని ఉత్తరాలు వేలల్లో ఉన్నాయని నవ్వుతూ చూపిస్తారు. అదేదో గొప్ప అయినట్టు. ఊరి పోస్ట్‌మ్యాన్ సంచీ విప్పకుండా ఇంట్లో మూల పడేస్తే మనం ఊరుకుంటామా? ఆ వేలల్లో ఒకటి ఎవరిదో ప్రాణం మీదికొచ్చిన సంగతి అయి ఉంటుంది. నిండిన డబ్బా కూడా ఒకరకంగా చెరిపేసిన డబ్బానే. నా పద్ధతి మంచిది. దానిలో ఒకచోట కన్నం ఉండింది. ఆ కన్నం నాకు కనపడేసరికి ఒక మనిషి దానిలో పడిపోయి ఉన్నాడు.

ఆ శిల్పి నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను అప్పా అనేవాడు. ఇంగ్లీషు రాదు. పక్కింట్లో రిటైరైన పంతులు ఉండేవాడు; నేను పంపిన ప్రతి కాగితాన్నీ ఆయనే చదివి, తెలుగులో చెప్పేవాడు. ఆ వీధిలో కొత్త రాయి దిగిందంటే ముందు ఈ శిల్పిని పిలిచేవాళ్లు. సుత్తితో నాలుగు చోట్ల తట్టి, చెవి ఆనించి, ఈ రాయి దేవుడికి పనికొస్తుంది, ఈ రాయి మెట్లకు పనికొస్తుంది అని చెప్పేవాడు. ఆయన చెప్పాక ఇంకొకరు మాట్లాడేవాళ్లు కాదు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది: కళ్లు తెరిచేదాకా విగ్రహాన్ని ఫొటో తీయనిచ్చేవాడు కాదు. "సూపు రాని దేవుని బొమ్మ తీసి ఊరూరికీ పంపిస్తారంటప్పా?" అనేవాడు. కళ్లు తెరవడం గుడి దగ్గర, ప్రతిష్ఠ వేళకే. కాబట్టి ఆయన దగ్గర పని చేయించుకునేవాళ్లు కాగితం మీద రాసుకున్నదాన్నే నమ్ముకోవాలి.

2002లో మలేషియాలో తెలుగువాళ్లు కట్టుకుంటున్న ఒక రామాలయం నుంచి ఆయనకు పని వచ్చింది. రాముడి గుడికి ఎదురుగా చిన్న మంటపం, అందులో ఆంజనేయుడు. గుడి కమిటీ పెద్దాయన రాసిన మొదటి ఉత్తరంలో ఎత్తు, పీఠం కొలత, కుడిచేతిలో గద అని ఉంది. ఆ ఉత్తరం డబ్బా నిండి ఉండడం వల్ల నాలుగుసార్లు వచ్చింది. నేను ఒకటి ప్రింటు తీసి మూడు తీసేశాను. నా నియమం ప్రకారం అది సరైన పనే.

కాగితం అందిన మర్నాడు ఆయన ఫోను చేశాడు.

"ఏమప్పా, పంతులు సదివినాడు. రాముని ముందర నిలబెడతామంటాండారు, మళ్లా చేతిలో గద అంటాండారు. ఇదేందీ?"

"అట్లే రాసినారన్నా. నేనేం కలపలేదు."

"నువ్వు కలిపినావనల్యా. రాముని ఎదురుంగ దాసుడే ఉండాల. చేతులు జోడించి ఉండాల. వాళ్లకు తెల్యక రాసినారేమో. ఒక్కమాట అడుగు. నేను రాయి ముట్టుకోను అంతవరకు."

అడిగాను. మూడు లైన్ల ఇంగ్లీషు ఉత్తరం, ఆ మొదటి ఉత్తరం శీర్షికే మళ్లీ పెట్టి పంపాను. పంపిన మరుక్షణం దాన్నీ డబ్బాలోంచి తీసేశాను. నా లెక్కలో నా పని అయిపోయింది. కన్నం అక్కడే ఉంది. నా నోటుబుక్కులో వచ్చినవాటికి చోటుంది. రావలసినవాటికి లేదు. ఫలానా జవాబు కోసం ఎదురుచూడాలి అని రాసుకునే పేజీ ఒక్కటి లేదు.

ఆరో రోజు శనివారం. అప్పుడే ఇంటర్ ఫలితాలొచ్చాయి. సెంటరు బయట సైకిళ్లు, లోపల కిటకిట. డబ్బా నిండిందని బియ్యం మిల్లు నుంచి రెండుసార్లు ఫోను. కూర్చుని గబగబా తీసేయడం మొదలుపెట్టాను. మలేషియా పెద్దాయన నుంచి మూడు ఉన్నాయి, మూడింటికీ పాత శీర్షికే. ఆ శీర్షిక ముందు మాత్రం, ఇది జవాబు అని తెలిపే Re అనే గుర్తు ఉంది. దాన్ని నా కన్ను చూసింది, చెయ్యి ఆగలేదు. మళ్లీ అవే పంపుతున్నాడు మహానుభావుడు అనుకున్నాను. మూడూ తీసేసి నోటుబుక్కులో "మలేషియా, పాతవే మూడు, తీసేశాను" అని రాసుకున్నాను. దస్తూరి కూడా బాగా వచ్చింది.

రెండు వారాలకు శిల్పి మళ్లీ ఫోను చేశాడు.

"జవాబు రాల్యాప్పా?"

"రాలేదన్నా. వాళ్లకు మార్చాలని ఉంటే రాసేవాళ్లే కదా. మొదటి కాగితంలో ఉన్నట్టే కానియ్."

ఫోనులో ఆయన వెనక నుంచి సుత్తి చప్పుళ్లు వినపడ్డాయి.

"సరే. వాళ్ల గుడి, వాళ్ల దేవుడు. గదంటే గదే."

నాలుగు నెలల తర్వాత ఆ గుడి కమిటీ పెద్దాయన మద్రాసు వచ్చి, అక్కణ్నించి ఆళ్లగడ్డకు వస్తున్నానని కబురు చేశాడు. ఓడెక్కించే ముందు స్వామిని ఒకసారి చూసుకుంటాడట. ఇంగ్లీషులో మాట్లాడతాడేమోనని శిల్పి నన్ను రమ్మన్నాడు. పెద్దాయన చక్కటి పాతకాలపు తెలుగు మాట్లాడాడు. తాతల నాడు పొలం పనులకు పోయినవాళ్ల మాట. నా అవసరం ఏమీ లేకపోయింది. వీధిలోని శిల్పులు ఏడెనిమిది మంది షెడ్డు దగ్గర చేరారు. పంతులు ఆ వారం కూతురితో తిరుపతి పోయి ఉన్నాడు.

శిల్పి గోనెపట్టా తీశాడు. నల్లరాతిలో ఆంజనేయుడు, ఎడమకాలు ముందుకు వేసి, గద భుజాన పెట్టుకుని ఉన్నాడు. ముంజేతి నరాలు కూడా తేలి కనిపించాయి. నేను అంత అందమైన విగ్రహాన్ని ఆ వీధిలో మళ్లీ చూడలేదు.

పెద్దాయన చేతులు జోడించబోయి ఆగిపోయాడు.

"ఇది మా స్వామి కాదే," అన్నాడు.

"మీరు రాసినట్టే చేసినాం కదా సామీ," అన్నాడు శిల్పి.

"మొదట అట్లాగే రాసినాను. తరువాత మీరే అడిగితిరి గదా, రాముని ఎదుట గద ఏమని. మా ముసలివాళ్లందరూ సిగ్గుపడినారు. అవును, ఆ శిల్పి చెప్పినదే న్యాయం, దండం పెట్టే స్వామినే చేయమను అన్నారు. వెంటనే రాసినాను. అందినదో లేదో అని మూడు తూర్లు రాసినాను."

సంచీలోంచి కాగితం తీసి చూపించాడు. శనివారం తేదీ. సైకిళ్లు, కిటకిట, మూడు వరుసలు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి.

శిల్పి నా వైపు తిరిగాడు. "ఏమప్పా, వచ్చిందా ఇది?"

వచ్చిందన్నా, నేనే చూసుకోలేదు. ఇంత మాట అంటే సరిపోయేది. నేను అన్నది ఇది:

"మా దగ్గర ప్రింటు అయిన ప్రతి కాగితమూ ఆ రోజే బస్సుకిచ్చినామన్నా."

ఈ వాక్యంలో ఎక్కడా అబద్ధం లేదు. అందుకే అది అంత బాగా పనిచేసింది. అక్కడున్న అందరూ ఒకటే అర్థం చేసుకున్నారు: కాగితం నంద్యాల నుంచి వచ్చింది, ఇక్కడ పోయింది.

పక్క షెడ్డు శిల్పి ముందు అందుకున్నాడు. "కాగితం పోతే పాయె. నీ బుద్ధి యాడికి పాయె? రాముని ముందర గద భుజానేసుకోని కొట్లాటకు నిలబడతాడా ఆంజనేయుడు? పదేండ్ల పిల్లోన్ని అడిగినా చెప్తాడే!"

"నాకు తెలుసు గాబట్టే అడగమంటి," అన్నాడు శిల్పి.

"అడిగితివి. వాళ్లు చెప్పిరి. మరి చేసిందేందీ?"

ఎవరో వెనకనుంచి, "రాయికి చెవులానించేవోడు మనిషి మాట యినడప్పా," అన్నారు. నవ్వులు. శిల్పి మళ్లీ నన్ను చూశాడని నాకు తెలుసు. నేను విగ్రహం పాదాలు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున సెంటరు తెరిచి నోటుబుక్కు తీశాను. "పాతవే మూడు." నా చేతిరాతే. మొదటి రోజు నాది అనుమానమని చెప్పుకోవచ్చు. ఆ పేజీ చూశాక అది అబద్ధమే. ఆ పుస్తకం చూపించమని ఎవరూ అడగలేదు. అచ్చుతప్పు పడితే కాగితం చించే మాస్టరును ఎవరు అడుగుతారు?

మలేషియావాళ్ల పని ఇంకో ఊరి శిల్పికి పోయింది. ఈయన్ని అడగబోయిన మరో రెండు గుళ్లవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ విగ్రహాన్ని కొనడానికి ఒకరిద్దరు వచ్చారు. ఒక ఊరి పేరు చెప్పుకుని పూజ చేసి మొదలుపెట్టిన దేవుణ్ని ఇంకో ఊరికి అమ్మనని పంపేశాడు. అవన్నీ ఆయన తట్టుకున్నాడు. వీధిలో కొత్త రాయి దిగినప్పుడు ఆయన్ని పిలవడం మానేశారు. అది తట్టుకోలేదని నాకు తర్వాత తెలిసింది. లారీ ఆగిన చప్పుడు విని సుత్తి చేతికి తీసుకుని గడపలో నిలబడేవాడట. ఎవరూ రాకపోతే లోపలికి పోయేవాడట. మెల్లగా విగ్రహాల పనే వదిలి గ్రైండరు రాళ్లకు దిగాడు. దేవుళ్లకు నడుము వంపు తీర్చిన చెయ్యి ఇడ్లీపిండి రుబ్బే రాళ్లకు గాట్లు పెట్టింది.

నాతో ఒక్కసారి కూడా గొడవ పడలేదు. నా సెంటరుకు మళ్లీ రాలేదు, అంతే. నేను ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోవలసి వస్తే బస్సులో ఆ వీధి కనపడని పక్క సీటు చూసుకునేవాణ్ని.

ఇంతవరకు చెప్పింది చాలామంది క్షమిస్తారు. ఇక ముందు చెప్పేదానికి నన్ను నేనే క్షమించుకోలేకపోయాను.

కొన్నేళ్లకు మెయిలు డబ్బాలు పెద్దవయ్యాయి. నిండిపోయే బాధ పోయింది. దానితో చెరిపే అలవాటూ పోయి, అందరి డబ్బాలూ చెత్తకుప్పలయ్యాయి. ఏ ఉత్తరం ఎక్కడుందో తెలియక ఆఫీసుల్లో గుమాస్తాలు తల పట్టుకునేవాళ్లు. నాకు ఖాళీ డబ్బా మాస్టరని నంద్యాలలో పేరుండేది కదా, పిలిచి పాఠాలు చెప్పమన్నారు. చెప్పాను. బాగానే చెప్పాను. తెరవకుండా ఏదీ తీసేయకండి అన్నాను. మీరు అడిగినదానికి జవాబు రావలసి ఉంటే, అది వేరే పేజీలో రాసుకుని రోజూ పొద్దున ఆ పేజీ ముందు చూడండి అన్నాను. ఈ రెండూ నేను ఎక్కడ నేర్చుకున్నానో చెప్పలేదు. చెప్పకపోగా, గట్టిగా గుర్తుండడానికి ఒక కథ కలిపాను.

"ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఉండేవాడు. విదేశం నుంచి జవాబు వచ్చింది. కాగితం ఎక్కడో పడేసి చూసుకోలేదు. ఏం చేశాడు? రాముడికి దండం పెట్టాల్సిన ఆంజనేయుడి చేతికి గద ఇచ్చాడు! రాముడి మీదికే యుద్ధానికి పంపాడు!"

మొదటిసారి చెప్పినప్పుడు నాలుక తడబడింది. మూడోసారికి ఎక్కడ ఆగితే నవ్వు వస్తుందో తెలిసిపోయింది. ఎన్నో హాళ్లలో చెప్పాను.

2009లో ఒక ఆఫీసులో ఈ కథ చెప్పి నవ్వు ఆగడం కోసం చూస్తున్నాను. మూడో వరుసలో ఒకామె నవ్వలేదు. లేచి నిలబడింది. గుమాస్తా.

"సార్, ఆ శిల్పి మా పక్కింటాయన. ఆయన కాగితాలన్నీ సదివింది మా నాయనే."

"అవునా అమ్మా..."

"సదివిన ప్రతి కాగితం నాయన ఇనప తీగకు గుచ్చి పెట్టినాడు సార్. నాయన పోయినాక కూడా మేం తియ్యల్యా, అట్లే ఉండాది. ఆ కత పుట్టినప్పుడు నాయన ఒక్కో కాగితం తీసి మూడుసార్లు ఎతికినాడు. ఆ జవాబు మా ఇంటికి రాల్యా. నాయన వీధిలో అందరికీ చెప్పినాడు, ఎవ్వరూ యినల్యా. మీరు ఎవరు చెప్తే యిన్యారో గానీ, ఆయన పడేసినాడని మాత్రం చెప్పొద్దండి."

ఆమెకు నేనెవరో తెలియదు. నన్ను నిందించాలని లేచింది కాదు. నేను "సరేనమ్మా, మంచిది" అని, పాఠం మధ్యలో ఆపేశాను. ఒక ముసలి పంతులు మూడుసార్లు వెతికాడు, అసలే రాని కాగితం కోసం. నేను చెరిపిన దాని కోసం.

మర్నాడు పొద్దున పది గంటల బస్సుకు ఆళ్లగడ్డ పోయాను.

ఆయన షెడ్డులో గ్రైండరు రాయి ముందు కూర్చుని ఉన్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. రాతిపొడి వల్ల కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. మెయిలు వచ్చింది, తెరవలేదు, తీసేశాను, ఆ రోజు నీ ముందే నాకు తెలిసింది. అంతా విన్నాడు. ఉలి ఆపలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచన్నా?"

"ఆ పొద్దే. అందరూ నన్ను జూస్తాంటే నువ్వు కాళ్లు జూస్తాంటివి. దేవుని కాళ్లు అంతసేపు ఎవురూ సూడరప్పా."

"మరి అనలేదే?"

"నేనంటే సాకంటారు. నువ్వంటే మాట. ఇయ్యాల చెప్తాడు, రేపు చెప్తాడు అని సూసినా. మూడేండ్లు సూసి ఇడిసిపెట్నా."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నాకు చెప్పి బరువు దించుకోని పోదామని వచ్చినావా? నాకు చెప్పేదేముంది, నాకు తెలిసిందే. ఆ పొద్దు ఎంతమంది యిన్యారు?"

"ఏడెనిమిది మంది."

"ఒకాయన సచ్చిపోయినాడు. మిగిలినోళ్లు టీకి వచ్చే యాళైంది. పా."

ఉలి కింద పెట్టి, పంచె దులుపుకుని ముందు నడిచాడు. నిజం చెబుతున్నాను, టీకొట్టు దాకా ఉన్న ఆ నలభై అడుగుల దూరంలో నాకు వెనక్కి తిరిగి బస్సెక్కాలనిపించింది. ఈయన ఒక్కడి ముందు తల వంచుకోవడానికే సిద్ధపడి వచ్చాను. అయినా నడిచాను. నిందను పదిమందిలో వేసినవాడు దాన్ని తీసేటప్పుడు చాటుగా తీస్తానంటే కుదరదు.

టీకొట్టు ముందు బండల మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. పక్క షెడ్డు శిల్పి నన్ను గుర్తుపట్టాడు.

"ఓహో, నెట్టాయన! మెయిళ్లు పంపేది మానుకోని మనిషే వచ్చినాడే. ఏందప్పా, దోవ తప్పినావా?"

"లేదన్నా. మీకందరికీ ఒక మాట చెప్పాలని వచ్చినా. కూర్చోనే వినండి, నేను నిలబడే చెప్తా."

టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపాడు.

"ఏడేండ్ల కింద మలేషియావాళ్ల జవాబు వచ్చింది. రాముని ఎదుట గద కూడదని ఈ అన్న ముందే చెప్పినాడు. అడగమన్నాడు. నేను అడిగినా. వాళ్లు ఈయన చెప్పిందే న్యాయమని రాసినారు. ఆ ఉత్తరం నేను చదవకుండా తీసేసినా. ఈయనకు ఏ కాగితమూ రాలేదు. పంతులు చెప్పింది నిజం. బస్సుకిచ్చినామని నేను ఆ పొద్దు అన్న మాట, నన్ను కాపాడుకునేదానికి అన్నది."

పక్క షెడ్డు శిల్పి టీ గ్లాసు బండ మీద పెట్టాడు. "ఏందప్పా నువ్వనేది? ఇన్నేండ్లు మేం ఈయన్ను..." అని ఆగిపోయాడు.

"మీరు అన్నవన్నీ నన్ను అనండి. ఇప్పుడే అనండి, నేనుంటా."

తర్వాత ఆయన వైపు తిరిగాను. ఆయన టీకొట్టు గుంజకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. ఈసారి నేను కూడా ఆయన్నే చూశాను.

"అన్నా, చెరిపింది పొరపాటు. ఆ రద్దీలో ఇంకెవరైనా చేసేవాళ్లేమో. చెప్పకపోయింది మాత్రం పొరపాటు కాదు, తెలిసే చేసినా. నంద్యాలలో నీ కథ చెప్పి జనాన్ని నవ్వించినా, అది కూడా తెలిసే చేసినా. నీకు తెలిసిన విద్యను తెలియదనిపించినా. ఈ వీధిలో రాయి దిగితే నిన్ను పిలవకుండా చేసినా. నువ్వు క్షమించాలని లేదు. నేను అడగాలి, అడుగుతున్నా. నన్ను క్షమించన్నా."